రైలుకట్ట కథలు – 14: బండి కంటే ముందు నడిచే కబురు

కిందటి భాగంలో తూర్పుతీర రైలుమార్గం నాగావళి, వంశధార దాటి కటకం చేరిన దగ్గర ఆగాం. 1893, 1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుంచి కటకం దాకా దారి వేశారు. కట్టలూ వంతెనలూ ఎలా లేచాయో చెప్పుకున్నాం గానీ, కట్ట పక్కన నాటిన స్తంభాల ఊసు ఎత్తలేదు. ఆ స్తంభాల మీద పోయిన తంతి తీగ లేకుంటే, ఎంత గట్టి పట్టా వేసినా దాని మీద రెండో బండిని నడపడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఈ భాగం ఆ తీగ గురించి, దాని సంతానం గురించి. ఆ సంతానాన్నే ఇప్పుడు డేటా అంటున్నాం.

బండి బ్రేకు వేసిన చోట ఆగదు. నిండు వేగంలో ఉన్నదానికి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. డ్రైవరు కన్ను అంత దూరం పోదు. రాత్రిపూట, మలుపులో, కార్తీక మాసపు మంచులో అసలే పోదు. కాబట్టి ముందు దారిలో ఏముందో ఆయనకు ఎవరో ఒకరు ముందే చెప్పాలి. నూట పాతికేళ్లుగా మన జిల్లాల మీదుగా నడిచిన ప్రతి పాసింజరు బండీ ఇలా చెప్పిన మాట మీదే నడిచింది.

తొలి రోజుల్లో ఇది ఒంటి లైను. దూసిలో బండి నిలబడి ఉందనుకుందాం. పొందూరు స్టేషను మాస్టరు తన వైపు నుంచి ఎదురు బండిని వదలలేదనీ, వదలబోననీ తంతి మీద ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు పేరు ‘లైన్ క్లియర్’. అది కాగితం మీద రాసి డ్రైవరు చేతికిస్తేనే చక్రం కదలాలి. మాట తప్పుగా వినబడటం, కునుకు పట్టిన మాస్టరు నిన్నటి కాగితం అందించడం లాంటి ప్రమాదాలున్నాయని గ్రహించి దేశమంతటా ఒంటి లైన్ల మీద టోకెన్ యంత్రాలు పెట్టారు. అటు స్టేషన్లో ఒకటి, ఇటు స్టేషన్లో ఒకటి, రెంటినీ కలుపుతూ తీగ. ఏ యంత్రంలోంచైనా ఒక టోకెన్ బయటికి తీస్తే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండిటిలోంచీ ఇంకొకటి రాదు. టోకెన్ ఉన్న బండికే దారి. బెత్తపు చట్రానికి కట్టిన సంచీలో దాన్ని పెట్టి, ఆగకుండా పోయే ఇంజను వాళ్లకు ప్లాట్‌ఫారం మీంచి అందించే దృశ్యం పెద్దవాళ్లకు బాగా గుర్తుండే ఉంటుంది.

ఆ యంత్రం పాటించిన సూత్రాన్ని గట్టిగా పట్టుకోండి: ఒక దారి ఒకేసారి ఇద్దరికి దక్కకూడదు. ఒక బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకుండా ఈనాటి రిజర్వేషన్ కంప్యూటరు కాపాడేదీ ఈ సూత్రాన్నే. లోహపు టోకెన్ పోయి, లెక్క వచ్చింది.

ఫోన్లు వచ్చాక ఇంకో చిక్కు. అవతలి గొంతు నిజంగా పక్క స్టేషను మాస్టరుదేనా? మాట్లాడింది ఈ బండి గురించేనా? దీనికి రైల్వే కనిపెట్టిన మందు ‘ప్రైవేట్ నంబరు’. మాస్టరుకు రెండంకెల సంఖ్యల పట్టీ ఒకటి ఇస్తారు. అవి వరసలో ఉండవు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు పట్టీలోని తర్వాతి సంఖ్య చదివి, దాన్ని కొట్టేస్తాడు. విన్న మాస్టరు ఆ సంఖ్యను తన రిజిస్టరులో రాసుకుంటాడు. రేపు ఏదైనా జరిగితే ఎవరు ఎవరికి ఏ నిమిషాన మాట ఇచ్చారో ఆ రెండంకెలు చెబుతాయి. బ్యాంకు వాళ్లు మన ఫోనుకు పంపే ఓటీపీ ఏ పని చేస్తుందో, సిగడాం, చీపురుపల్లి లాంటి స్టేషన్లలో ప్రైవేట్ నంబరు దశాబ్దాల ముందునుంచే ఆ పని చేస్తూ వచ్చింది. సిగ్నళ్లు పనిచేయని వేళల్లో నేటికీ చేస్తోంది.

పక్క పక్క స్టేషన్లు మాట్లాడుకుంటే ఒక బండి క్షేమంగా నడుస్తుంది. నలభై బండ్లు నడవాలంటే అన్నిటినీ ఒక్కచోట చూసేవాడు ఉండాలి. అతనే సెక్షన్ కంట్రోలరు. విశాఖపట్నం దొండపర్తిలోని వాల్తేరు డివిజన్ కార్యాలయంలో కూర్చుని పలాస దాకా ఉన్న స్టేషన్లన్నిటినీ ఒకే ఫోను లైను మీద వినే మనిషి. అతని బల్ల మీద పెద్ద చార్టు పరిచి ఉండేది. నిలువుగా స్టేషన్ల పేర్లు, అడ్డంగా గంటలూ నిమిషాలూ. ఫలానా బండి గరివిడి దాటిందని మాస్టరు చెప్పగానే అక్కడో చుక్క. చుక్కల్ని కలిపితే ఏటవాలు గీత. బండి వేగంగా పోతుంటే గీత నిటారుగా లేస్తుంది, ఎక్కడైనా నిలబడితే అడ్డంగా సాగుతుంది. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి నెల్లిమర్ల లూప్‌లైన్లో పడేసిన పాసింజరు గీత అలా అడ్డంగా సాగి సాగి, పక్కనుంచి నిటారు గీతలు ఒకటొకటే దాటిపోతుంటాయి. మన జిల్లాల జనం పాసింజరు బండిలో ఎదురుచూస్తూ గడిపిన కాలమంతా ఆ కాగితాల మీద పెన్సిలుతో గీసి ఉంది. వాటిని భద్రపరిచి ఉంటే ఉత్తరాంధ్ర సామాజిక చరిత్రకు అంతకు మించిన ఆధారం దొరకదని నా నమ్మకం.

1986లో రైల్వే తన కంప్యూటరు పనులకోసం రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్‌ను పెట్టుకుంది. ఆ సంస్థ తయారుచేసిన కంట్రోలు ఆఫీసు వ్యవస్థతో పెన్సిలు చార్టు కంప్యూటరు తెర మీదికి ఎక్కింది. గీతలు అవే, ఏటవాలూ అదే. తేడా ఏమిటంటే, పూర్వం ఆ చార్టు ఒక్క కంట్రోలరుకే కనిపించేది. ఇప్పుడు అందులో నమోదైన అంకే జాతీయ రైలు విచారణ వ్యవస్థకు పోయి, అక్కడినుంచి 139 నంబరుకూ, స్టేషన్ బోర్డులకూ, మన ఫోన్లకూ వస్తోంది. ఆ పైన ఇస్రో ఉపగ్రహాల సాయంతో ఇంజన్లకు పరికరాలు బిగించడం మొదలైంది. అది ఉన్న ఇంజను రెండు స్టేషన్ల నడిమధ్య ఉన్నా 30 సెకన్లకోసారి తానెక్కడుందో చెబుతుంది. ఇంకోవైపు, బెంగళూరు కుర్రాళ్ల బృందం ఒకటి సెల్‌టవర్ల ఆధారంగా బండి జాడ పట్టే ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ యాప్‌ను తెస్తే, 2018లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. పలాస ప్లాట్‌ఫారం మీద జీడిపప్పు సంచీతో నిలబడ్డ మనిషి ఈరోజు తన బండి కోటబొమ్మాళిలో ఉందో తిలారులో ఉందో ఎవర్నీ అడగకుండానే తెలుసుకుంటున్నాడు. పాతికేళ్ల కింద ఆ మాట కోసం విచారణ కిటికీ దగ్గర గుంపు కట్టి, కసురు మాటలు తినాల్సి వచ్చేది. ఇది చిన్న మార్పు కాదు. పేదవాడి పూటకూ విలువుందని ఒప్పుకున్న మార్పు.

టికెట్ల సంగతి వేరు, అక్కడ కథ మన తెలుగు నేలతో ముడిపడి ఉంది. పూర్వం రిజర్వేషన్ అంటే బండికొక పుస్తకం. శ్రీకాకుళం రోడ్డు లాంటి నడిదారి స్టేషన్లకు కొన్ని బెర్తుల కోటా రాసిపెట్టేవారు. అంతకు మించి కావాలంటే బండి బయల్దేరే ఊరికి తంతి కొట్టి, జవాబు కోసం కాచుకోవాలి. 1985–86లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ మొదలైంది. అయితే ఢిల్లీ కంప్యూటరుకు మద్రాసు సంగతి తెలియదు, కలకత్తాకు సికింద్రాబాదు తెలియదు. ఒక్కొక్కటి ఒక్కో దీవి. ఈ దీవుల్ని కలపగల కొత్త సాఫ్ట్‌వేరును క్రిస్ రాసి, దాని పేరు కాన్సర్ట్ అని పెట్టి, మొట్టమొదట 1994లో సికింద్రాబాదులోనే నడిపి చూసింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు అయిదూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. అంటే ఆమదాలవలసలో కూర్చుని, చెన్నైలో ఎక్కి ఢిల్లీలో దిగే టికెట్టు కొనవచ్చు. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టింది. అదే నెల 15న ఢిల్లీ ప్రాంతంలో జనరల్ టికెట్లకూ కంప్యూటరు వచ్చింది. అట్టముక్క టికెట్టు మీద తేదీ గుద్దే ఇనప యంత్రం చప్పుడు మన స్టేషన్ల నుంచి క్రమంగా మాయమైంది.

రిజర్వేషన్ కంప్యూటరు చేసిన మేలు ఒకటి జనం అంతగా గుర్తించరు. అది వెయిటింగ్ లిస్టును నోరున్న కాగితంగా మార్చింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి శ్రీకాకుళం వైపు వచ్చే బండ్లలో ఎంతమంది చోటు దొరక్క మిగిలిపోయారో అంకెల్లో తెలుస్తుంది. పండగ స్పెషల్ బండి వేయాలని అడిగేవాళ్లకు అదే ఆధారం, వేసేవాళ్లకూ అదే ఆధారం. ఇటీవల ఏ స్టేషన్ కోటాలో ఎన్ని బెర్తులు ఉంచితే ఎక్కువమందికి చోటు దొరుకుతుందో పాత లెక్కలను చదివి చెప్పే కృత్రిమ మేధ కార్యక్రమాన్ని కూడా క్రిస్ పరీక్షించింది. మంచిదే. కానీ ఈ లెక్కలోకి రావాలంటే ముందు పేరు రాయించుకోవాలి, రెండు నెలల ముందు ప్రయాణం ఖాయం చేసుకోవాలి. వేరావల్ రేవుకు చేపల వేటకు పోయే మత్స్యకారుడికి, చెన్నైలో ఇటుకలు మోయడానికి మేస్త్రీ ఫోన్ చేస్తే ఆ రాత్రే కదిలే ఉద్దానం కుర్రాడికి అది కుదరదు. వాళ్లు జనరల్ బోగీలో నిలబడి పోతారు. వాళ్లు వెయిటింగ్ లిస్టులో లేరు కాబట్టి వాళ్ల అవసరం కూడా ఆ లిస్టులో లేదు. జనరల్ టికెట్ల కంప్యూటరులో మాత్రం ఏ రోజు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు ఎన్ని టికెట్లు తెగాయో ఉంది. వెయిటింగ్ లిస్టును చదివినంత శ్రద్ధగా దాన్నీ చదివి, ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల మీదుగా పోయే బండ్లకు బోగీలు కలపాలని నేను గట్టిగా అడుగుతాను.

ఇక ఈ భాగంలో నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వస్తున్నాను. కబురు అందకపోతే ఏమవుతుందో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు చూసినంతగా చాలా ప్రాంతాలు చూడలేదు.

2013 నవంబరు 2, దీపావళి ముందు రోజు. విజయనగరం దగ్గర గొట్లాం వద్ద ధన్‌బాద్ వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లో మంటలంటూ పుకారు పుట్టింది. జనం గొలుసు లాగి చీకట్లో పక్క పట్టాల మీదికి దిగారు. ఆ పట్టాల మీద రాయగడ నుంచి విజయవాడ పోయే పాసింజరు వచ్చింది. 2022 ఏప్రిల్ 11 రాత్రి, శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర, ఆగిన ఎక్స్‌ప్రెస్ దిగి పట్టాల మీద నిలబడ్డవాళ్లను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. ఈ రెండు చోట్లా బండ్లు ఏవీ తప్పు దారిలో లేవు. ఆగిన బండి తన మానాన ఆగింది, వచ్చే బండి తన సిగ్నలు చూసుకుని వచ్చింది. ‘మనుషులు పట్టాల మీద ఉన్నారు’ అన్న ఒక్క కబురు మాత్రం ఒక ఇంజనులోంచి ఇంకో ఇంజనులోకి నిమిషంలో పోయే దారి లేకపోయింది. ఆపదలో ఇంజను నెత్తిన మిణుకుమిణుకుమనే లైటు వేసి పక్క లైను వాళ్లను హెచ్చరించాలని నియమముంది. ఆ లైటు కూడా కంటిని నమ్ముకున్నదే.

తర్వాతది కంటకాపల్లి.

2023 అక్టోబరు 29, ఆదివారం. విశాఖపట్నం నుంచి సాయంత్రం పలాస పాసింజరు బయల్దేరింది, నంబరు 08532. దాని వెనకాలే రాయగడ పాసింజరు, 08504. కొత్తవలస దాటాక కంటకాపల్లి, ఆ తర్వాత అలమండ. ఇక్కడ మూడు లైన్లు ఉన్నాయి. ఈ రెండూ నడిమి లైను మీద ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఏడు గంటల ప్రాంతంలో రాయగడ బండి వచ్చి పలాస బండిని వెనకనుంచి గుద్దింది. కనీసం 14 మంది చనిపోయారు, సుమారు 50 మంది గాయపడ్డారు. రాయగడ బండి లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ, పలాస బండి గార్డూ పోయినవారిలో ఉన్నారు.

అక్కడ ఉన్నవి ఆటోమేటిక్ సిగ్నళ్లు. వీటి పని తీరు తెలిస్తే గానీ ఆ సాయంత్రం అర్థం కాదు. రెండు స్టేషన్ల మధ్య దారిని ముక్కలుగా విడగొట్టి, ముక్కకొక సిగ్నలు పెడతారు. ముక్కలో బండి ఉందా లేదా అన్నది పట్టాలలో ప్రవహించే కరెంటో, చక్రాల ఇరుసులను లెక్కపెట్టే కౌంటరో చెబుతుంది. ఇరుసులు లోపలికి ఎన్ని పోయాయో బయటికి అన్నీ వచ్చాయంటే ముక్క ఖాళీ. బండి ఉంటే వెనక సిగ్నలు దానంతటదే ఎర్రబడుతుంది, ముందుకు కదిలిపోతే పసుపూ ఆకుపచ్చా అవుతుంది. మాస్టరు ప్రమేయం లేకుండా ఒకే లైను మీద బండి వెనక బండి నడుస్తుంది. ఒంటి టోకెన్ కాలంలో ఊహకైనా రాని సౌకర్యం. ఇన్ని బండ్లు నడుస్తున్నాయంటే దాని చలవే.

ఈ పరికరం చెడిపోతే? దాన్ని ఎలా తయారుచేశారంటే, చెడితే ఎర్రదీపమే వెలగాలి. ఆ పద్ధతి సరైనది, వేరే పద్ధతి ఉండకూడదు కూడా. అయితే అక్కడే డ్రైవరుకు పెద్ద చిక్కు. ఆ ఎర్రదీపానికి రెండు అర్థాలు ఉంటాయి. ముందు బండి ఉందని ఒకటి, పరికరం చెడిందని ఇంకొకటి. ఇంజనులో కూర్చున్న మనిషికి ఏది నిజమో తెలియదు. అందుకే నియమం రెంటినీ ఒకే కంట చూడమంటుంది. రాత్రిపూటైతే అక్కడ రెండు నిమిషాలు ఆగు. ఆ తర్వాత, ఎదురుగా బండి ఉన్నట్టే భావించి, గంటకు పది కిలోమీటర్లు దాటకుండా పాకుతూ పో. ఆ సాయంత్రం కంటకాపల్లి, అలమండల మధ్య రెండు ఆటో సిగ్నళ్లు పనిచేయడం లేదు. పలాస బండి నియమం ప్రకారం మెల్లగా పోతోంది. రాయగడ బండి ఆ రెండు సిగ్నళ్లనూ నియమం పాటించకుండా దాటిందని రైల్వే తొలి విచారణ చెప్పింది.

తప్పు ఎవరిదన్నదానికి అది ఒక జవాబు. నాకు అది చాలదు. సిగ్నలు చెడిన రోజున పలాస బండి ఎక్కడుందో తెలుసుకోడానికి రాయగడ బండి ఇంజనులో ఆ ఎర్రదీపం తప్ప ఇంకేం ఉంది? ముందు బండి ఎంత దూరంలో ఉందని అడిగితే చెప్పే తెర లేదు. తాను మోతాదు మించి పోతుంటే బ్రేకు వేసే యంత్రం లేదు. బయట మాత్రం సమాచారానికి కొదవ లేదు. స్టేషన్ల రిలే గదుల్లో డేటా లాగర్లు అనే పరికరాలు ఉంటాయి. ఏ సిగ్నలు ఏ సెకనుకు ఏ రంగుకు మారిందో, ఏ ముక్కలోకి బండి ఎప్పుడు వచ్చిందో అవి అనుక్షణం రాసుకుంటాయి. ఇంజనులోని వేగమాపకం ప్రతి క్షణం వేగాన్నీ రాసుకుంటుంది. ప్రమాదం జరిగాక దర్యాప్తు చేసేవాళ్లు మొదట అడిగేవి ఈ రాతలే. అదే ఏడాది జూన్ 2న ఇదే హౌరా–చెన్నై దారి మీద, ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును గుద్దినప్పుడు కూడా డేటా లాగర్ రాతల చుట్టూనే చర్చంతా నడిచింది. జరిగినదాన్ని సెకన్లతో సహా చెప్పగల డేటా మన దగ్గర ఉంది. ఆ డేటా జరగకముందు, రెండు నిమిషాల ముందు, దాన్ని వాడుకోగల ఒకే ఒక్క మనిషి చేతికి చేరాలి. దూసి మాస్టరు లైన్ క్లియర్ కాగితాన్ని ఎవరి చేతికిచ్చాడు? డ్రైవరుకిచ్చాడు. ఆ వరసలో మనం ఒక మెట్టు తప్పాం.

ఆ మెట్టు కట్టే పని మొదలైంది కూడా తెలుగు ప్రాంతంలోనే. దాని పేరు ఇప్పుడు కవచ్. 2012లో రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ దీన్ని మొదలుపెట్టింది. తయారీలో హైదరాబాదు కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ ఉన్నాయి. ప్రయాణికుల బండి మీద మొదటి ప్రయోగాలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వదిలారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది.

పట్టాల మధ్య స్లీపర్లకు చిన్న రేడియో ట్యాగులు బిగిస్తారు. ఇంజను వాటి మీదుగా పోతూ తానెక్కడున్నానో చదువుకుంటుంది. స్టేషన్లోని పరికరం సిగ్నళ్ల స్థితిని రేడియో ద్వారా ఇంజనుకు పంపుతుంది. ఎదుటి సిగ్నలు ఏ రంగులో ఉందో, ఎంత దూరంలో ఉందో లోకో పైలట్ ముందున్న తెర మీదే కనిపిస్తుంది. మంచున్నా చీకటున్నా తేడా లేదు. ఎర్రదీపం దాటబోతే, వేగం మించితే, మనిషి పట్టించుకోకుంటే యంత్రమే బ్రేకు వేస్తుంది. ఇంకో గుణం కూడా ఉంది. ఒక ఇంజను ఆపద కబురు పంపితే చుట్టుపక్కల బండ్లన్నీ ఆగుతాయి. గొట్లాం, బాతువ రాత్రులు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఆ ఒక్క మీట గురించే ఆలోచిస్తాను.

కంటకాపల్లి నాటికి దేశంలో కవచ్ ఉన్నది 1,465 కిలోమీటర్లు, అదంతా దక్షిణ మధ్య రైల్వేలోనే. మన జిల్లాలు అప్పుడు తూర్పుతీర రైల్వే కింద ఉండేవి కాబట్టి ఇక్కడ లేకపోయింది. బహానగా, కంటకాపల్లి రెండూ అయ్యాక పనుల వేగం పెరిగింది. 2024 జులైలో కవచ్ 4.0 ప్రమాణాలకు ఆమోదం వచ్చింది. ఏడాది తర్వాత ఢిల్లీ–ముంబై దారిలో మథుర–కోటా మధ్య 324 కిలోమీటర్లకు అది అమల్లోకి వచ్చింది. దీనిలో ఒక మెలిక ఉంది, అది మన జనానికి ముఖ్యం. కవచ్ పట్టా మీదా ఉండాలి, ఇంజనులోనూ ఉండాలి. ఒకచోట ఉండి రెండోచోట లేకపోతే లేనట్టే. 2024 మార్చిలో మొదలైన విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ విజయనగరంలోనూ శ్రీకాకుళం రోడ్డులోనూ ఆగుతుంది, దానికి కవచ్ పరికరం కర్మాగారంలోనే వస్తుంది. పలాస పాసింజరు లాగే ఇంజను ఏ షెడ్డు నుంచి వచ్చిందో, అందులో ఉందో లేదో అన్నది వేరే లెక్క. ఒకే పట్టా మీద పరికరం ఉన్న బండీ లేని బండీ కలిసి నడిస్తే, లేనిదాని డ్రైవరుకు మళ్లీ కన్నే దిక్కు. పట్టాలకు ట్యాగులు బిగించే వరసలోనే పాసింజరు, గూడ్సు ఇంజన్లకూ బిగించాలి. ముందు పెద్ద బండ్లకు, తీరిక దొరికితే చిన్న బండ్లకు అనే క్రమాన్ని నేను ఒప్పుకోను.

చిన్న బండ్ల పట్ల రైల్వే లెక్కల తీరుకు ఇంకో ఉదాహరణ ఉంది. ఆ రెండు బండ్ల నంబర్లు మళ్లీ చూడండి: 08532, 08504. రెండిటి ముందూ సున్నా. కోవిడ్ తర్వాత పాసింజర్లను తిరిగి నడిపినప్పుడు ‘స్పెషల్’ అన్న పేరు తగిలించి, నంబరు ముందు సున్నా పెట్టారు. ఆ సున్నాతో కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలైంది. ఆగే స్టేషన్లు అవే, చెక్కబల్లలు అవే. అలమండలో ఎక్కి విజయనగరంలో కూరగాయలు అమ్ముకునే మనిషి రోజుకు పోనూ రానూ ఇంకో 40 రూపాయలు ఆ అంకెకు కట్టుకున్నట్టు. 2024 ఫిబ్రవరి చివరలో పాత చార్జీ తిరిగి వచ్చింది. కంప్యూటరు పట్టికలో ఒక గడి మార్చడానికి నిమిషం పట్టదు. మార్చాలన్న నిర్ణయానికి ఏళ్లు పట్టింది.

ప్రమాదాల్లో పోయినవారి విషయానికొస్తే, రిజర్వేషన్ బండి అయితే చార్టులో పేరు, వయసు, ఫోను నంబరు ఉంటాయి. పాసింజరు బండికి చార్టు లేదు. ఎవరు ఎక్కారో ఎవరికీ తెలియదు. ప్రమాదం వార్త విన్న ఊళ్లవాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగి తమవాళ్లను తామే వెతుక్కోవాలి. బహానగాలో జనరల్ బోగీల్లో పోయినవారి విషయంలో ఇది మరీ ఘోరమైంది. డీఎన్‌ఏ పరీక్షలు చేసినా కొన్ని శవాలు నెలల తరబడి భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఎవరివో తేలకుండా ఉండిపోయాయి. జనరల్ టికెట్టుకు పేరు అడగమని నేను అనను. పరుగున వచ్చి టికెట్టు కొని బండెక్కే స్వేచ్ఛ బీదవాడికి మిగిలిన కొద్ది స్వేచ్ఛల్లో ఒకటి. కానీ ప్రమాదం జరిగిన గంటలో, ఆ బండి దారిలోని ప్రతి స్టేషన్లోనూ మనుషులను కూర్చోబెట్టి, ఊరూరి నుంచి వచ్చే ఫోన్లను, ఆసుపత్రుల జాబితాలను ఒకే పట్టికలో కలిపే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉంచుకోవచ్చు. దానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు.

ఈ దారి యాజమాన్యం మళ్లీ మారాలన్న నిర్ణయం జరిగింది. తూర్పుతీర ప్రభుత్వ రైల్వే నుంచి వాల్తేరుకు ఉత్తరాన ఉన్న దారి 1902లో బెంగాల్–నాగపూర్ రైల్వే చేతికి పోయింది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో తూర్పుతీర రైల్వే అయింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ కోసం 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా చీల్చడానికి ఒప్పుకుంది. పలాస–విశాఖ–దువ్వాడ, విజయనగరం–కూనేరు, నౌపడా–పర్లాకిమిడి, బొబ్బిలి–సాలూరు లాంటి సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌కు వస్తాయి. మిగిలిన 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా తూర్పుతీర రైల్వేలో ఉంటాయి. అంటే విశాఖలో బయల్దేరిన రాయగడ పాసింజరు గీత పార్వతీపురం దాటాక కూనేరు దగ్గర ఒక కంట్రోలరు తెరను వదిలి ఇంకో జోన్ కంట్రోలరు తెర మీదికి ఎక్కాలి. రెండు తెరల మధ్య కబురు ఎంత శుభ్రంగా చేతులు మారుతుందన్నది ఆ బండిలో కూర్చున్న గిరిజన రైతుకు, కాలేజీ పిల్లకు సంబంధించిన విషయం.

కూనేరు పేరు వినగానే చాలామందికి 2017 జనవరి 21 గుర్తొస్తుంది. ఆ రాత్రి జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ పోతున్న హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ అక్కడే పట్టాలు తప్పింది. విజయనగరం–పార్వతీపురం దారి ఎలా పుట్టిందో, 1931లో అది రాయపూర్ దాకా ఎలా చేరిందో వచ్చే భాగంలో ఆ రాత్రి నుంచే మొదలుపెడదాం.